ఎవరి ఊపిరికి ఏ పాట

*అమెరికా హైస్కూలు జాజ్ బ్యాండులు ఎలింగ్టన్, బేసీల నాటి స్వింగు కూర్పులను ఎట్లు ఎంచుకొనుచున్నవి? ఆ ఎంపిక వెనుకనున్న గురువుల విచారణ, పిల్లల సాధకము, ఒక శతాబ్దపు చరిత్ర.*

ఆగస్టు నెలాఖరున, వేసవి సెలవులు ముగిసి అమెరికాలోని హైస్కూళ్లు తెరచుకొను వారమున, ఏ బడి బ్యాండుగది తలుపు త్రోసి చూచినను ఇంచుమించు ఒకే దృశ్యము కంటబడును. గోడవారగా నిలిపిన ఇనుప బీరువాల సొరుగులు సగము వెలికి లాగియుండును. వానిలో అంచులు నలిగి, పెన్సిలు గురుతులతో నిండి, ఏనాటి విద్యార్థులో మూలమూలల తమ పేళ్లు వ్రాసిపోయిన స్వరపత్రముల కట్టలుండును. గదినిండ ఇత్తడి వాసన, వాల్వులకు వేయు నూనె వాసన, నోట నానిన రీడుల వాసన కలిసి అలముకొనియుండును. తలుపు ప్రక్క కొక్కెమునకు, కర్రపిడి ఊడదీసిన ఎఱ్ఱని రబ్బరు గిన్నెలు పదో పన్నెండో వ్రేలాడుచుండును. నేలపై బాసింపట్టు వేసికొని కూర్చున్న బ్యాండు మాస్టారు ఒక్కొక్క కట్టను విప్పుచు, చదువుచు, కొన్నింటిని కుడివైపునకును, కొన్నింటిని ఎడమవైపునకును నెట్టుచు, అప్పుడప్పుడు పియానో వద్దకు లేచిపోయి నాలుగు స్వరములు మీటి చూచుచుండును.

ఆయన యెదుటనున్న ప్రశ్న పైకి మిక్కిలి చిన్నది: ఈ యేడు పిల్లలచేత ఏయే పాటలు వాయింపవలెను? కాని చదువు ముగించి వెళ్లిపోయిన మొదటి ట్రంపెట్టు పిల్లవాని చోటు ఖాళీగా నున్నది. నలుగురుండవలసిన ట్రాంబోను వరుసలో ఇద్దరే మిగిలిరి. నిరుడు ఆల్టో సాక్సఫోను పట్టుకొని బిడియముతో ఒదిగి కూర్చున్న బాలిక ఈ రెండు నెలలలో ఎవరును ఊహింపనంతగా ఎదిగివచ్చినది. డ్రమ్ముల వానికి చేతిలో బలమున్నది గాని చెవిలో నిలుకడ యింకను కుదురలేదు. ఇట్టి బలాబలములను మనసున నిడికొని, తొంబది యేండ్ల క్రిందట న్యూయార్కు, కాన్సాస్ సిటీ నాట్యశాలల కొరకు మహావాద్యకారులు కూర్చిన స్వింగు రచనలలో ఏది వీరికి తగును, ఏది వీరిని పెంచును, ఏది వీరి ఉత్సాహమును భంగపరచును అని తేల్చుట కంటె సున్నితమైన నిర్ణయము పాఠశాల సంగీతబోధనలో మఱియొకటి లేదని నా నమ్మకము.

ముప్పదియవ ఉత్సవము

ఈ ముచ్చట నేడు సంగీతాభిమానుల నోట మెలగుటకు ఒక కారణము కలదు. న్యూయార్కులోని ‘జాజ్ ఎట్ లింకన్ సెంటర్’ సంస్థ హైస్కూలు బ్యాండుల కొరకు నడపు ‘ఎసెన్షియల్లీ ఎలింగ్టన్’ పోటీ 2025 మే నెలలో తన ముప్పదియవ ఉత్సవమును జరుపుకొనెను. ఏటేట పదునైదు బ్యాండులను మాత్రమే తుదిపోటీకి పిలుచు సంస్థ, ఆ యేడు ముప్పది బ్యాండులను పిలిచెను. ట్రంపెట్టు విద్వాంసుడైన వింటన్ మార్సాలిస్ నాయకత్వమున 1990ల నడుమ ఈ కార్యక్రమము న్యూయార్కు పరిసరములలోని బడులతో చిన్నగా మొదలై, క్రమముగా అమెరికా అంతటికిని, ఎల్లలు దాటి అన్యదేశములకును వ్యాపించినది.

పోటీ యను మాట విని మనము బహుమతుల వంక చూచుట సహజమే గాని, ఆ సంస్థ చేసిన అసలు ఉపకారము వేఱొకటి. డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండు గ్రామఫోను రికార్డులపై వాయించిన కూర్పులను, వాయించినవి వాయించినట్లుగా, ఏ స్వరమును తొలగింపక, ఏ స్వరమును సులభము చేయక, స్వరలిపిలో నిలిపి, కోరిన పాఠశాలలకు ఉచితముగా పంపుట ఆ ఉపకారము. తరువాతి కాలమున కౌంట్ బేసీ, బెన్నీ కార్టర్, మేరీ లూ విలియమ్స్, డిజ్జీ గిలెస్పీ మొదలగు వారి సంగీతమును ఆ సంస్థ గ్రంథాలయమున చేరినది. తుదిపోటీకి ఎన్నికైన బడులకు అనుభవజ్ఞులైన వాద్యకారులే వెళ్లి, పిల్లల నడుమ కూర్చుండి సాధకము చేయింతురు. సియాటిల్ నగరములోని గార్ఫీల్డ్, రూజ్‌వెల్ట్ హైస్కూళ్లు ఈ వేదికపై పలుమారులు నెగ్గి, రెండును ప్రభుత్వపాఠశాలలై యుండియు, దేశమంతట పేరు గాంచినవి. వానిలో గార్ఫీల్డ్ బడి సంగీతకర్త క్విన్సీ జోన్స్ చదివిన బడి.

న్యూజెర్సీలోను టెక్సాసులోను స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలలో, వారాంతమున వర్ణములు, కీర్తనలు నేర్చుకొని, సోమవారము ప్రొద్దున బడిలో ట్రాంబోను భుజమున వేసికొనువారు నేడు అరుదు కారు. ఆ తల్లిదండ్రులకు తమ బిడ్డ ఇంటికి తెచ్చిన స్వరపత్రముపై నున్న పేళ్లు ఎవరివో, వాని వెనుక ఏ కథ యున్నదో తెలియవలెనను కోరికయు ఈ వ్యాసమునకు ప్రేరణము.

బడులలో పుట్టిన బ్యాండులు

స్వింగు సంగీతము మధుశాలలలో, నాట్యమందిరములలో పుట్టి పెరిగి, ఆ పిమ్మట ఎన్నడో బడులలోనికి తేబడినదని పలువురి తలంపు. చరిత్ర ఈ తలంపును సగము మాత్రమే సమర్థించును. టెనెసీ రాష్ట్రపు మెంఫిస్ నగరమున నల్లజాతి పిల్లలు చదివెడి మనాసస్ హైస్కూలులో 1927 ప్రాంతమున ఉపాధ్యాయుడుగా చేరిన జిమ్మీ లన్స్‌ఫర్డ్, తన విద్యార్థులనే కూర్చి ‘చికసా సింకొపేటర్స్’ అను బ్యాండు కట్టెను. ఆ బ్యాండే 1934లో న్యూయార్కు కాటన్ క్లబ్బు నెక్కి, స్వింగు యుగమున ఎలింగ్టన్, బేసీ బ్యాండులతో సరితూగు కీర్తి సంపాదించెను. అందులో డ్రమ్ములు వాయించిన జిమ్మీ క్రాఫర్డ్ ఆ మెంఫిస్ బడి పిల్లవాడే.

అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హామ్‌లో, ఇండస్ట్రియల్ హైస్కూలున అచ్చుపని నేర్పు ఉపాధ్యాయుడుగా నుండి, ‘ఫెస్’ అని పిలువబడిన జాన్ వాట్లీ, అక్షరములు పేర్చుట యందు కోరిన క్రమశిక్షణనే సంగీతమునందును కోరి, ఒక తరము వాద్యకారులను తీర్చెను. షికాగో నగరపు డుసాబల్ హైస్కూలులో కెప్టెన్ వాల్టర్ డయెట్ చేతిక్రింద జీన్ అమన్స్, జానీ గ్రిఫిన్ వంటి సాక్సఫోను విద్వాంసులు బాల్యముననే రాటుదేలిరి. మిసిసిపీలోని పైనీ వుడ్స్ అను పల్లెబడి, తన ఖర్చుల కొరకు విరాళములు కూర్చుటకై 1930ల చివర ఆడపిల్లల బ్యాండు నొకదానిని లేవదీసెను. ‘ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్’ అను పేర ఆ బాలికలు బడిని వీడి స్వతంత్రముగా దేశమంతయు తిరిగి, వేలాది శ్రోతలను మెప్పించిరి.

కావున నేటి బ్యాండు మాస్టారు బీరువా యెదుట కూర్చుండి స్వింగు కూర్పును ఎంచుకొనునపుడు, ఆయన బడికి సంబంధింపని వస్తువును బడిలోనికి ఈడ్చి తెచ్చుట లేదు. అటులయ్యును చిరకాలము అమెరికా విద్యాధికారులకు జాజ్ అను పేరే గిట్టకుండెను. 1947లో నార్త్ టెక్సాసు కళాశాల ఈ సంగీతమునకు పట్టా పాఠ్యక్రమము పెట్టినపుడు దానిని నాట్యబ్యాండు విద్యగా వ్యవహరించిరి; హైస్కూళ్లలో ‘స్టేజ్ బ్యాండు’ అను మర్యాదపేరు చాలకాలము నడచెను.

> పెద్ద బ్యాండులో ఎవరెవరు?
>
> సాక్సఫోనులు ఐదు: ఆల్టోలు రెండు, టెనరులు రెండు, బారిటోను ఒకటి. ట్రంపెట్టులు నాలుగు. ట్రాంబోనులు మూడు లేక నాలుగు. వీరికి ఆధారముగా తాళవర్గము: పియానో, గిటారు, నిలువు బాసు, డ్రమ్ములు. ఎలింగ్టన్ కూర్పులలో సాక్సఫోను వాయించువారే తఱచుగా క్లారినెట్టును చేపట్టవలసి యుండును. ఆ రెండవ వాద్యము చేతకాని పిల్లలున్న బడి కొన్ని ఉత్తమమైన కూర్పులను ఆశింపలేదు.

పేళ్లు వ్రాసిన పత్రములు

ఎలింగ్టన్ (1899–1974) తన బ్యాండునకు వ్రాసి యిచ్చిన పత్రములను చూచిన వారికి ఒక విశేషము తోచును. మొదటి ట్రంపెట్టు, రెండవ ట్రాంబోను అని ఉండవలసిన తావున వాద్యకారుల పేళ్లు, తఱచుగా వారి ముద్దుపేళ్లు వ్రాసియుండును. స్వరమునుండి స్వరమునకు జారి కరగిపోవు జానీ హాడ్జెస్ ఆల్టో సాక్సఫోను, 1927లో చేరి 1974లో తాను కన్నుమూయు వఱకు ఆ బ్యాండును వీడని హ్యారీ కార్నీ బారిటోను, మనుష్యకంఠము వలె మూలుగుచు పలుకు ‘ట్రికీ శామ్’ నాంటన్ ట్రాంబోను — ఈ వ్యక్తుల ఊపిరిని, వారి స్వభావములను ఎఱిగి, ఎలింగ్టన్ స్వరములను పంచిపెట్టెను. 1930 నాటి ‘మూడ్ ఇండిగో’లో సాధారణముగా పైస్థాయిన పలుకు క్లారినెట్టును అట్టడుగునకు దింపి, క్రింద నుండవలసిన ట్రాంబోనును, నాదము నణచు మ్యూటు బిగించి, దానిపైకెత్తి, ఆ రెంటి మీద ట్రంపెట్టును నిలిపి, ఏ పాఠ్యపుస్తకమును బోధింపని ఒక వర్ణమును సాధించెను. 1940 నాటి ‘కన్చెర్టో ఫర్ కూటీ’ పేరులోనే ఆ కూర్పు కూటీ అను ట్రంపెట్టు విద్వాంసుని కొరకైనదని వ్యక్తమగుచున్నది.

ఇంతగా వ్యక్తులకు అతుక్కొనియున్న సంగీతమును, ఎనుబది యేండ్ల పిమ్మట పదునాఱేండ్ల పిల్లలచేత వాయింపించుట ఉచితమా యను సందేహము న్యాయమైనదే. దీనికి అనుభవజ్ఞులైన మాస్టార్లు ఆచరణలో చెప్పు సమాధానము నాకు మిక్కిలి నచ్చినది. వారు ఎలింగ్టన్ పత్రములతో పాటు ఎలింగ్టన్ పద్ధతిని కూడ గ్రహింతురు. బారిటోను సాక్సఫోనులో గంభీరమైన నాదము పలికించు పిల్లవాడుండిన బడి, కార్నీకి ప్రాధాన్యమున్న కూర్పును ఎంచుకొనును. క్లారినెట్టు చక్కగా వాయించు బాలిక యున్న బడి, ఆమె స్వరము వినబడు కూర్పును వెదకును. మాస్టారికి ఇష్టమైన పాటను ముందుగా నిశ్చయించుకొని, పిల్లలను దానిలో ఇరికించు బడులలో, ఆ పాట ఆ యేడంతయు ఒక శిక్షగా పరిణమించును. పాటల పేళ్ల పట్టిక తెఱచుటకు ముందు పిల్లల పేళ్ల పట్టిక తెఱవవలెను.

ఈ పత్రములు నేటి పిల్లలకు అందిన విధమును కొంచెము చెప్పుకొనవలసి యున్నది. ఎలింగ్టన్ జీవించియున్న దినములలో ప్రచురణకర్తలు అంగళ్లలో అమ్మినవి, ఏ ఊరి బ్యాండైనను వాయించుకొనదగినట్లు కుదించి సిద్ధపఱచిన సామాన్యప్రతులు; అసలు బ్యాండు వాయించిన పత్రములు సంచారములలో నలిగి, చిరిగి, పెట్టెలలో పడియుండెను. 1988లో ఆయన కుమారుడు మర్సర్ ఎలింగ్టన్ ద్వారా ఆ పత్రరాశి వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థకు చేరెను. ఇంకొకవంక డేవిడ్ బెర్గర్ వంటి సంగీతజ్ఞులు పాత రికార్డులను మరల మరల వినుచు, గీతల గరగర నడుమ మూడవ ట్రంపెట్టు ఏమి పలికెనో, నాలుగవ సాక్సఫోను ఏ స్వరము పట్టెనో చెవితో గుర్తించి, అక్షరము తప్పక వ్రాసియుంచిరి. పరుల స్వరములను కాపాడుటకై ఇన్నేండ్లు చెవి యొగ్గి కూర్చుండిన ఆ ఓరిమిని స్మరింపక ఈ విషయము వ్రాయుటకు నాకు మనసొప్పదు.

చౌకకాలమే పరీక్ష

కొత్తగా బ్యాండు చేపట్టిన మాస్టార్లు పొరబడు తావు ఒకటున్నది. వేగముగా నడచు పాటలు కష్టములనియు, నెమ్మదిగా నడచునవి సులభములనియు వారు తలంతురు. మన సంగీతము నెఱిగిన తెలుగు పాఠకులకు దీనిని విడమరచి చెప్పనక్కఱలేదు: క్షేత్రయ్య పదమును చౌకకాలమున పాడబూనిన వాని విద్వత్తు మొదటి ఆవర్తము ముగియకమునుపే తేలిపోవును. స్వింగులో ఆ పరీక్ష ‘లిల్ డార్లిన్’ అను కూర్పు. 1957లో కౌంట్ బేసీ బ్యాండు కొరకు నీల్ హెఫ్టీ రచించిన ఈ పాటకు అతడు మొదట ఊహించినది ఇంకను వేగమైన నడక యనియు, బేసీయే దానిని ఇంత నెమ్మదింపజేసెననియు వాద్యకారులు చెప్పుకొందురు. చూచుటకు స్వరములు కొలదిగా నున్నవి; కాగితముపై ఎనిమిదవ తరగతి పిల్లలు కూడ చదువగలరు. కాని రెండు తాళపు దెబ్బల నడుమ నున్న ఆ విశాలమైన ఖాళీలో పదమువ్వురు వాద్యకారులు ఒక్కుమ్మడిగా ఊపిరి నిలిపి, ఒక్కుమ్మడిగా విడిచి, తొందరపడక, వెనుకబడక, స్వరముపై కూర్చుండవలెను. పదునాఱేండ్ల వయసునకు ఓర్పు సహజగుణము కాదు. నడుమ నెక్కడనో డ్రమ్ముల పిల్లవాని చేయి ఒక వెంట్రుకవాసి ముందునకు జరుగును, బాసు దానిని వెంబడించును, రెండవ పుట చేరునప్పటికి పాట పరుగెత్తుచుండును.

బేసీ (1904–1984) కూర్పులను బడులు విశేషముగా ప్రేమించుటకు కారణము కూడ ఈ తాళవర్గమే. ఫ్రెడ్డీ గ్రీన్ అను గిటారు విద్వాంసుడు 1937లో ఆ బ్యాండున చేరి, 1987లో మరణించు వఱకు, దాదాపు అర్ధశతాబ్ది, విద్యుత్తు తగిలింపని గిటారుపై ఆవర్తమునకు నాలుగు దెబ్బలు వేయుచు కూర్చుండెను. ఆయన వాద్యము శ్రోతకు విడిగా వినబడదు, లేకున్న మాత్రము బ్యాండు కుప్పకూలును. గిటారు పట్టిన నేటి పిల్లవాడు శబ్దవర్ధకమునకు తీగ తగిలించి, రాక్ సంగీతపు గర్జనలు నేర్చి, ఒంటరి వాద్యమునకు తహతహలాడుచు వచ్చును. వానిచేత ఒక సంవత్సరము ఆ నాలుగు దెబ్బలు వేయించగలిగిన కూర్పును ఎంచుకొన్న గురువు, వానికి సంగీతమే గాక సహవాసమును నేర్పినవాడగును. ‘షైనీ స్టాకింగ్స్’, ‘కార్నర్ పాకెట్’ వంటివి అందులకు యోగ్యములు. 1937 నాటి ‘ఒన్ ఓ క్లాక్ జంప్’ అసలు కాగితముపై పుట్టినదే కాదు. వాద్యకారులు వేదికపై తమలో తాము కూర్చుకొనిన చిన్నచిన్న పలుకుబళ్ల సమాహారము. పండ్రెండు మాత్రకూటముల బ్లూస్ చట్రములో నడచుట వలన, చేతనైన పిల్లలెందరున్న అందరికిని ఒక్కొక్క ఆవర్తము వాయించు అవకాశము ఇవ్వవచ్చును.

పెదవి బలము, రబ్బరు గిన్నె

ఇత్తడి వాద్యములలో స్వరము పుట్టునది పెదవుల కంపనమున. పిల్లల పెదవి కండరములు ఎదుగుచున్న వయసున, గంటసేపు పైస్థాయిన వాయింపించినచో, ఆ సాయంత్రమున కచేరి ముగియుటకు ముందే మొదటి ట్రంపెట్టు మూగవోవును. హైస్కూలు పిల్లలకు, స్వరలిపిలో ఐదు గీతల పైన రెండు చిన్నగీతలు చేర్చి వ్రాయు ‘సి’ స్వరము సామాన్యముగా ఎల్ల. స్వింగు బ్యాండుల ఉచ్చదశలో కాట్ ఆండర్సన్ వంటివారు ఆ ఎల్లను దాటి ఎంతో పైకెగిరిరి గాని, అవి వారి వారి దేహబలమునకు చెందిన విద్యలు. కూర్పును ఎంచుకొనునపుడు పైస్వరము ఎంత ఎత్తున నున్నదని మాత్రమే కాక, ఎంతసేపటికొకమారు వచ్చుచున్నది, దానికి ముందు విశ్రాంతి యున్నదా, పాట చివర వచ్చుచున్నదా యని కూడ చూడవలెను. కచేరీలో మూడు పాటలలోను మొదటి ట్రంపెట్టును పైననే నిలుపు కార్యక్రమమును సిద్ధపఱచుట పిల్లవాని పట్ల కాఠిన్యము.

కొక్కెమునకు వ్రేలాడు రబ్బరు గిన్నెల పని ఇచ్చటనే. స్నానపుగది గొట్టములు పూడినపుడు వాడు సాధనమును ఇనుపసామాను అంగడిలో కొని, పిడి తీసివేసి, బబ్బర్ మైలీ, ట్రికీ శామ్ నాంటన్ ప్రభృతులు ఎలింగ్టన్ బ్యాండునకు ఒక కొత్త వాక్కు నొసంగిరి. వాద్యపు గంటలోపల ఒక సన్నని మ్యూటు దూర్చి, ఎడమచేతిలోని గిన్నెను గంట అంచునకు ఒకవైపు ఆనించి, ద్వారబంధపు తలుపు తీసిమూసినట్లు మణికట్టును ఆడించుచు, అదే సమయమున గొంతున చిన్న గర్జన కలుపవలెను. గిన్నె మూసినపుడు శ్రుతి కదలును. కదలినదానిని పెదవి సవరింపవలెను. సవరించుచు తాళమును తప్పరాదు. మొదటి వారము పిల్లలందరును నవ్వుదురు. రెండవ వారమున ఒకడు ఆ గిన్నెతో నిజముగా ఒక మాట పలికించును, నవ్వు ఆగిపోవును, గదిలోని ట్రాంబోనులన్నియు వానివంక తిరుగును. ఎలింగ్టన్ కూర్పును ఎంచుకొనిన బడి ఈ పనికి కనీసము ఒక ఋతువంతయు కేటాయింపవలెను. గిన్నెలు లేకుండ ఆ స్వరములను మాత్రము వాయించిన ఎలింగ్టన్, ఎలింగ్టన్ కాడు.

> మూడు నిమిషముల హద్దు
>
> స్వింగు యుగపు కూర్పులు సాధారణముగా మూడు నిమిషములు దాటకుండుటకు కారణము, పది అంగుళముల గ్రామఫోను పళ్లెమున ఒకవైపు పట్టునది అంతే యగుట. ఆ హద్దులోనే ప్రారంభము, పల్లవి, వ్యక్తిగత వాద్యములు, బ్యాండంతయు ఒక్కగొంతుతో విజృంభించు ఘట్టము, ముగింపు, అన్నియు ఇమిడిపోయినవి. ఒక్క వ్యర్థస్వరము లేని ఈ సంక్షిప్తత బడి పిల్లలకు వరము: నలుబదియైదు నిమిషముల తరగతిలో పాట మొత్తమును పలుమారులు ఆసాంతము వాయించి చూడవచ్చును.

సులభ ప్రతుల సమస్య

ప్రసిద్ధమైన స్వింగు పాటలకు బడుల కొరకు సులభము చేసిన ప్రతులు అంగళ్లలో మెండుగా లభించును. ట్రంపెట్టు ఎత్తు తగ్గించి, లయచిక్కులు విప్పి, ఏ వాద్యము లేకున్నను నడచునట్లు కూర్చిన ఈ ప్రతులను తీవ్రముగా నిరసించు పండితులున్నారు. నేను వారితో పూర్తిగా ఏకీభవింపలేను. పదునొకండేండ్ల పిల్లలకు, పల్లెబడిలో రెండు ట్రంపెట్టులు, ఒక ట్రాంబోను, ముగ్గురు ఫ్లూటు బాలికలు ఉన్న బ్యాండునకు, అసలు ప్రతి ననుగ్రహించుట వారిని సంగీతమునకు శాశ్వతముగా దూరము చేయుటయే. అయినను ‘ఇన్ ది మూడ్’, ‘టేక్ ది ఏ ట్రెయిన్’ వంటి పాటలు సులభప్రతులలో తమ ప్రాణమును కోల్పోయి, పేరును మాత్రము నిలుపుకొనుట కండ్లార చూచుచున్నాము. ప్రసిద్ధమైన పెద్దపాటను నీరుగార్చి యిచ్చుటకంటె, మొదటినుండియు చిన్న చేతులను దృష్టిలో నుంచుకొని వ్రాసిన నిజాయితీ గల చిన్నపాట నెంచుకొనుట మేలు.

ఈ విషయమున శామీ నెస్టికో (1924–2021) బడులకు చేసిన సేవ గొప్పది. 1968లో బేసీ బ్యాండు వాయించిన ‘బేసీ స్ట్రెయిట్ ఎహెడ్’ సంపుటమంతయు అతని రచన. సైనిక బ్యాండులలో దీర్ఘకాలము పనిచేసి, విద్యార్థుల కొరకు అసంఖ్యాకముగా కూర్చిన ఇతని పత్రములలో, ప్రతి వరుసయు, మూడవ ట్రాంబోను సహితము, పాడుకొనదగిన రాగముగా నుండును. మూడవ ట్రాంబోను పిల్లవాడు తన భాగమును ఇంటికి పోవుచు కూనిరాగము తీయగలిగెనా, ఆ కూర్పు బడికి తగినదే.

కాగితముపై లేనిది

స్వరపత్రము ఎంత యథాతథమైనను, స్వింగు నడక దానిపై వ్రాయబడదు. సమానముగా వ్రాసిన రెండు స్వరములలో మొదటిది సాగును, రెండవది కుదియును. తిశ్రగతి యని గణితము చెప్పి సరిపుచ్చ వలనుపడదు, ఏలయన ఆ సాగుదల పాటవేగమును బట్టి మారును, బేసీ బ్యాండున ఒక తీరు, ఎలింగ్టన్ బ్యాండున మఱియొక తీరు నుండును, మిక్కిలి వేగమున దాదాపు సమమునకే వచ్చును. కొన్ని స్వరములు వ్రాసియుండియు మ్రింగివేయవలసినవి. కొన్ని తోకముడిచి నిలుపవలసినవి. మన విద్యార్థి గమకమును గురుముఖమున నేర్చినట్లే, ఈ పిల్లలు దీనిని రికార్డు ముఖమున నేర్వవలెను. అందుచే మంచి రికార్డు లభింపని కూర్పు ఎంత ఘనమైనదైనను బడికి రెండవశ్రేణిది. వేయిమారులు వినదగిన మూలమున్న కూర్పు, సగము పాఠమును తానే చెప్పును.

వ్యక్తిగత వాద్యముల విషయమున గురువులలో భేదాభిప్రాయములున్నవి. 1941లో రికార్డయిన ‘టేక్ ది ఏ ట్రెయిన్’లో రే నాన్స్ వాయించిన ట్రంపెట్టు వరుస, 1940 నాటి ‘కాటన్ టెయిల్’లో బెన్ వెబ్‌స్టర్ టెనరు వరుస పాటలో భాగమే యన్నంతగా ప్రసిద్ధములు. వానిని స్వరము తప్పక కంఠస్థము చేయవలెనని కొందఱు. మనోధర్మమును చంపరాదని కొందఱు. డిసెంబరు వఱకు రే నాన్స్ చెప్పినది చెప్పించి, అటుపిమ్మట పిల్లవానిని తన మాట చెప్పుకొననిచ్చుట నాకు ఉచితముగా తోచుచున్నది. పెద్దలు పలికినది నోట నానకుండ, మనోధర్మము పేరిట స్వరముల మెట్లపై ఎక్కిదిగిన పిల్లలను చాలమందిని విన్నాము.

పాటతో వచ్చు చరిత్ర

1927 డిసెంబరునుండి ఎలింగ్టన్ బ్యాండు వాయించిన హార్లెములోని కాటన్ క్లబ్బున, వేదికపై నల్లవారు, బల్లల వద్ద తెల్లవారు మాత్రమే కూర్చుండెడివారు. ‘టేక్ ది ఏ ట్రెయిన్’ రచించిన బిల్లీ స్ట్రేహార్న్ పిట్స్‌బర్గు నుండి వచ్చిన ఇరువది యేండ్లు దాటిన యువకుడు. 1941 ఆరంభమున రచయితల హక్కుల సంఘమునకును, రేడియో సంస్థలకును వచ్చిన తగవు వలన ఎలింగ్టన్ తన పాటలను ఆకాశవాణిలో వాయింపరాని స్థితి ఏర్పడగా, ఆ సంఘమున సభ్యుడుకాని స్ట్రేహార్న్ పాటలే బ్యాండును నిలిపినవి. ఈ సంగతులు చెప్పకుండ పత్రములు పంచుట నా దృష్టిలో అసంపూర్ణమైన బోధ. ఆండీ కర్క్ బ్యాండునకు 1936లో ‘వాకిన్ అండ్ స్వింగిన్’ కూర్చిన మేరీ లూ విలియమ్స్ పేరు ట్రంపెట్టు పట్టిన బాలికకు తెలియకపోవుట ఇంకను విచారకరము.

మనకును ఇందులో ఒక చిన్న పాలు కలదు. 1963లో అమెరికా ప్రభుత్వము పంపగా ఎలింగ్టన్, స్ట్రేహార్న్ బ్యాండు సహితముగా మన దేశమునకు వచ్చిరి. ఆ ప్రయాణపు జ్ఞాపకములనుండి 1966లో రికార్డయిన ‘ఫార్ ఈస్ట్ సూట్’ పుట్టినది. అందులోని ‘బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ’లో జిమ్మీ హామిల్టన్ క్లారినెట్టు మరల మరల పలుకునది గోరువంక కూత. క్లారినెట్టు చేతపట్టిన తెలుగు పిల్ల ఏ టెక్సాసు బడిలోనో ఉండినచో, ఆ మాస్టారు ఈ కూర్పును ఒకమారు తీసి చూడవలెనని నా కోరిక.

కచేరి వరుస

ఎంచుకొనిన పాటలను పేర్చుటయు ఎంపికలో భాగమే. బేసీ బ్లూసు నొకదానిని ముందుంచినచో పిల్లల ఊపిరి కుదుటబడును, వ్యక్తిగత వాద్యములు వాయించువారి బెదురు తీరును. నడుమ ‘మూడ్ ఇండిగో’ వంటి నెమ్మదిపాటను పెట్టినచో ట్రంపెట్టులకు విశ్రాంతి లభించును. శ్రోతలకును చెవి తెఱపి యగును. చివర ‘రాకిన్ ఇన్ రిథమ్’ వంటి జవమైన ఎలింగ్టన్ కూర్పు. ఈ మూడింటిలో ఒకటి పిల్లలు సెప్టెంబరులోనే వాయింపగలది, ఒకటి డిసెంబరుకు వశమగునది, ఒకటి మే నెల వఱకును పూర్తిగా చిక్కనిది యై యుండవలెను. అన్నియు సులభములైన బ్యాండు నవంబరునకే విసుగు చెందును. అన్నియు దుర్లభములైన బ్యాండు అప్పటికే చెదరిపోవును.

కొందఱు మాస్టార్లు ఈ మూడింటితో పాటు నాలుగవ కూర్పు నొకదానిని కూడ పిల్లల చేతికిత్తురు. లన్స్‌ఫర్డ్‌దో, ఫ్లెచర్ హెండర్సన్‌దో, ఏ కచేరీ పట్టికలోను చేరనిది. శుక్రవారము తరగతి చివర పది నిమిషములు మిగిలినపుడు, తప్పులు దిద్దక, ఆపక, పాట ఎచ్చటికి పోయిన అచ్చటికి పోనిచ్చి, ఆసాంతము వాయింతురు. గంట మ్రోగిన పిదప కూడ పిల్లలు కుర్చీలు వదలక, ఇంకొకమారని అడుగుచుందురు.